లేత పీటెడ్ సింగిల్ మాల్ట్: పొగ కింద ఏం వెతకాలి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

స్కాట్లాండ్‌లో గత పదిహేను, ఇరవై ఏళ్ళలో పెట్టిన డిస్టిలరీల నుంచి మూడేళ్ళ, ఐదేళ్ళ పీటెడ్ సింగిల్ మాల్ట్‌లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీతో ఒకే డిస్టిలరీలో తీసిన విస్కీ. ఆ బార్లీని పీట్ అనే చిత్తడినేల మట్టిని కాల్చిన పొగతో ఆరబెడితే అది పీటెడ్. వాటి గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. ఈ పేజీ అంతకు పైబడినవారి కోసమే.

ప్రశ్న: మా బావమరిది గ్లాస్గో నుంచి వస్తూ ఆర్డ్నాహో అయిదేళ్ళ సింగిల్ మాల్ట్ తెచ్చాడు. సీసా మీద 50 శాతం అని ఉంది. నేను ఇంతవరకు బ్లెండెడ్ విస్కీ సోడాతో తాగినవాణ్ణే. దీన్ని ఎలా రుచి చూడాలి? — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. ఆర్డ్నాహో స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపంలో ఉన్న డిస్టిలరీ. 2018 చివర్లో స్పిరిట్ (ఇంకా పీపాలో పండని మద్యం) తీయడం మొదలుపెట్టింది. మొదటి సింగిల్ మాల్ట్‌ను 2024లో అయిదేళ్ళ వయసుతో, 50 శాతం ఆల్కహాల్‌తో విడుదల చేసింది. బోర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాల్లోనూ ఒలరోసో షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల్లోనూ పండిన సరుకు అది. దాని బార్లీకి పట్టించిన పొగ 40 పీపీఎం, అంటే పొగ వాసననిచ్చే ఫినాల్ అనే పదార్థాలు పది లక్షల్లో 40 వంతులు. స్టిల్ (మరిగించే రాగి పాత్ర) తల నుంచి ఆవిరిని బయటికి తీసుకుపోయే గొట్టం, అంటే లైన్ ఆర్మ్, అక్కడ ఏడున్నర మీటర్ల పొడవుంటుంది. ఆ ఆవిరిని చల్లార్చడానికి వర్మ్ టబ్ వాడతారు. చన్నీళ్ళ తొట్టిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం అన్నమాట. పొడుగాటి గొట్టంలో ఆవిరి రాగిని ఎక్కువసేపు తాకి తేలికపడుతుంది. వర్మ్ టబ్‌లో త్వరగా చల్లారి కొంత బరువు నిలుపుకుంటుంది. ఈ రెండింటి లాగులాటే ఆ స్పిరిట్ స్వభావం. గ్లాసులో వెతకాల్సింది కూడా దాన్నే.

గ్లాసు కింద వెడల్పుగా, పైన మూతి ముడుచుకుని ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు దొరికితే సరే, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. నిటారుగా ఉండే పెగ్గు గ్లాసులో పొగ వాసన చెదిరిపోతుంది. 20 నుంచి 25 మి.లీ. పోయండి. పైన చిన్న స్టీలు మూతో సాసరో బోర్లించి పది నిమిషాలు వదిలేయండి. పోసిన వెంటనే ముక్కు పెడితే ఆల్కహాల్ మంట తప్ప మరేదీ అందదు.

మూత తీశాక ముక్కును గ్లాసులోకి దించవద్దు. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, చిన్న చిన్న శ్వాసలు తీయండి. రెండు మూడు సార్లు చూసి గ్లాసు పక్కన పెట్టేయండి. పొగ వాసనకు ముక్కు చాలా త్వరగా అలవాటు పడుతుంది. అరనిమిషం ఆగకుండా పీలిస్తే పొగ మాయమైనట్టు అనిపిస్తుంది. నిజానికి అది గ్లాసులోనే ఉంటుంది, దాన్ని పట్టడం మానేసింది ముక్కే. మోచేతి మడత దగ్గర మీ చర్మం వాసన ఒకసారి చూసుకుని మళ్ళీ రండి.

ఈ అలవాటు పడటాన్ని మీకు పనికొచ్చేలా తిప్పుకోవచ్చు. మొదటి రెండు శ్వాసల్లో పొగ గురించి రాసుకోండి. ముక్కు పొగకు అలవాటు పడ్డ తరువాత నాలుగో, అయిదో శ్వాసలో కింద ఏముందో పైకి తేలుతుంది. బార్లీ గంజి, పచ్చి బేరిపండు, నిమ్మతొక్క, వెనిలా, కొబ్బరి, ఎండుద్రాక్ష లాంటివి. లేత పీటెడ్ మాల్ట్ మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. పొగ కొత్త డిస్టిలరీకైనా పాత డిస్టిలరీకైనా మాల్టింగ్ (బార్లీని మొలకెత్తించి ఆరబెట్టే పని) దగ్గరే వస్తుంది, చాలామంది దాన్ని బయటి మాల్టింగ్ కేంద్రాల నుంచే కొనుక్కుంటారు. పులియబెట్టడం, స్టిల్ నడపడం, పీపా ఎంచుకోవడం మాత్రం ఆ డిస్టిలరీ సొంత పని.

తాగేటప్పుడు మొదటి చుక్కలు, మూడు నాలుగు మి.లీ. మించకుండా, నాలుకకు మంట అలవాటవడానికి. వాటిని బట్టి ఏ అభిప్రాయానికీ రావద్దు. రెండో గుటకను పది సెకన్లు నోట్లో తిప్పి మింగాక ముక్కుతో గాలి వదలండి. పొగ రుచిలో సగం పైగా ఆ గాలితోనే తెలుస్తుంది. ఆ తరువాత గడియారం చూడండి. రుచి ఎంతసేపు నిలిచిందో, చివరికి ఏం మిగిలిందో గమనించండి. బాగా కుదిరిన లేత మాల్ట్‌లో చివరికి తీపి బూడిద, కొంచెం ఉప్పదనం మిగులుతాయి. కుదరనిదాంట్లో పొగ ముందే తెగిపోయి గొంతులో స్పిరిట్ మంట, పచ్చి పిండి రుచి నిలిచిపోతాయి.

చివరగా, ఖాళీ గ్లాసు కడగకుండా రాత్రంతా వదిలేసి పొద్దున వాసన చూడండి. ఆల్కహాల్ అంతా ఎగిరిపోయి ఉంటుంది, బరువైన పదార్థాలే అంటుకుని ఉంటాయి. చల్లారిన బొగ్గు, తారు, తేనె లాంటి వాసనలుంటే సరుకు గట్టిదని అర్థం. తడి అట్టముక్క వాసన ఒక్కటే ఉంటే, పీపా ఇచ్చింది తక్కువ.

ప్రశ్న: లాగ్ డిస్టిలరీది 50 పీపీఎం అన్నారు. లాఫ్రోయిగ్‌ది 40, 45 అంటారు. కానీ నాకు లాఫ్రోయిగే ఘాటుగా అనిపించింది. అంకె తప్పా, నా నాలుక తప్పా? — ఒక పాఠకుడు, ఎడిన్‌బరా

రెండూ తప్పు కావు. ఆ అంకె పొగ పట్టించిన బార్లీలో ఎంత ఫినాల్ ఉందో చెబుతుంది. సీసాలో ఎంత ఉందో చెప్పదు. బియ్యం కొలత చూసి అన్నం రుచి చెప్పలేం కదా! బార్లీని పిండి చేసి నానబెట్టి వడకట్టినప్పుడు కొంత ఫినాల్ పిప్పిలోనే ఉండిపోతుంది, స్టిల్‌లో ఇంకొంత తగ్గుతుంది. బయటికొచ్చే స్పిరిట్‌లో సాధారణంగా మూడోవంతు నుంచి సగం దాకా మిగులుతుంది. పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ అదీ తగ్గుతుంది.

ఎంత మిగలాలన్నది ఎక్కువగా తేల్చేది స్టిల్ నడిపే మనిషి. రెండో స్టిల్ నుంచి స్పిరిట్ వచ్చేటప్పుడు మొదట వచ్చేదాన్ని పక్కకు తీస్తారు. అది పదునుగా, నెయిల్ పాలిష్ వాసనతో ఉంటుంది. మధ్య భాగాన్ని పీపాలకు ఉంచుకుంటారు. చివరి భాగాన్ని మళ్ళీ మరిగించడానికి తిప్పి పంపుతారు. ఫినాల్స్ బరువైనవి, ఆలస్యంగా వస్తాయి. మధ్య భాగాన్ని ముందే ఆపేస్తే 50 పీపీఎం బార్లీ నుంచి కూడా మెత్తటి పొగే దొరుకుతుంది. ఇంకా కిందికి, ఆల్కహాల్ 60 శాతం దగ్గరికి వచ్చేదాకా పట్టుకుంటే పొగ నిండుగా వస్తుంది. దాంతోపాటు తోలు, చెమట, పాత జున్ను లాంటి వాసనలు కూడా లోపలికి వచ్చేస్తాయి. కొత్త డిస్టిలరీల్లో తొలి ఏళ్ళ సరుకు ఒక సీసాకు ఇంకో సీసాకు తేడాగా ఉండటానికి ఇది పెద్ద కారణం. ఎక్కడ ఆపాలన్నది వాళ్ళు ఇంకా సరిచూసుకుంటూ ఉంటారు.

ఇంకోటి, ఏ ఫినాల్ అన్నది కూడా ముఖ్యమే. గ్వాయకాల్ అనేది కట్టెల పొగ, వేయించిన కాఫీ వైపు పోతుంది. క్రెసాల్స్ తారు, బ్యాండేజీ, ఆసుపత్రి వరండా వైపు లాగుతాయి. లాఫ్రోయిగ్‌కు పేరు తెచ్చింది ఆ మందుల వాసనే, మన ముక్కుకు అది కట్టెల పొగకన్నా ఘాటుగా తగులుతుంది. అందుకే నోట్స్‌లో 'బాగా పొగ' అని రాసుకుంటే ఏమీ తెలియదు. కట్టెపొగా, బూడిదా, తారా, పాతకాలపు ఎర్ర కార్బాలిక్ సబ్బా, ఎండుచేపా అన్నది విడమరిచి రాసుకోండి. లవంగం తగిలితే మాత్రం పొగ ఖాతాలో వేయడానికి తొందరపడవద్దు, ఓక్ పీపా కూడా ఆ వాసన ఇస్తుంది.

ప్రశ్న: ఒక కొత్త డిస్టిలరీ మూడేళ్ళ పీటెడ్ మాల్ట్ కొన్నాను. మూత తీయగానే రబ్బరు, కాల్చిన అగ్గిపుల్ల, ఉడికిన కోడిగుడ్డు కలిసిన వాసన. నా మిత్రుడు అది పీట్ వాసనే అంటాడు. చెడిపోయిందా? — ఒక పాఠకురాలు, బ్రిస్టల్

మీ మిత్రుడు చెప్పింది కొంతవరకే నిజం. మీరు రాసినవి గంధకం వాసనలు. పీట్ పొగతో అవి సులువుగా కలిసిపోతాయి కాబట్టి చాలామంది వాటిని పొగగానే లెక్కేస్తారు. విస్కీ చెడిపోయిందని కాదు, తాగితే హాని ఉండదు. అయితే ఆ వాసన ఎక్కడిది అన్నదాన్ని బట్టి ఆ డిస్టిలరీ పని గురించి చాలా తెలుస్తుంది.

పులిసిన ద్రవంలో గంధకం సమ్మేళనాలు సహజంగానే ఉంటాయి. స్టిల్‌లోని రాగి వాటిని పట్టేసుకుంటుంది. స్టిల్‌ను హడావిడిగా వేడి చేసినా, రెండు వాయిల మధ్య రాగికి గాలి తగిలి తేరుకునే సమయం ఇవ్వకపోయినా, వర్మ్ టబ్ నీళ్ళు మరీ చల్లగా ఉన్నా రాగితో కలిసే అవకాశం తగ్గి గంధకం మిగిలిపోతుంది. మిగిలినదాన్ని పీపా లోపల కాల్చిన బొగ్గు పొర ఏళ్ళ తరబడి లాగేసుకుంటుంది. మూడేళ్ళకు ఆ పని పూర్తికాకపోవచ్చు, ముఖ్యంగా పీపా అప్పటికే రెండు మూడు సార్లు వాడినదైతే. షెర్రీ పీపాల నుంచి రావడం రెండో దారి. ఖాళీ పీపాలో బూజు పట్టకుండా గంధకం పొగ వేసే అలవాటు ఉంది, దాని జాడ విస్కీలో తేలుతుంది. మీ సీసా మీద షెర్రీ పీపా అని ఉందేమో చూడండి.

తేల్చుకోవడానికి ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. పూజ గదిలో రాగి ఉద్ధరిణి ఉంటే తీసి చింతపండు, ఉప్పుతో తోమండి. గులాబీ రంగు మెరుపు వచ్చాక కడిగి తుడవండి. చింతపండు వాసన ఏమాత్రం మిగలకూడదు. రెండు గ్లాసుల్లో 10 మి.లీ. చొప్పున విస్కీ పోసి, ఒకదాంట్లో ఉద్ధరిణితో రెండు నిమిషాలు నెమ్మదిగా కలపండి. తరువాత రెండూ పక్కపక్కన వాసన చూడండి. రాగి తగిలిన గ్లాసులో గుడ్డు వాసన పోయి పండ్లు, వెనిలా తేలితే, అది రాగి పట్టుకోగల రకం గంధకం. అలాంటి సీసాను మూత తీసి పావువంతు వాడి రెండు మూడు వారాలు వదిలేస్తే బాగా మెరుగుపడుతుంది. రబ్బరు, ఉడికిన క్యాబేజీ అలాగే ఉండిపోతే, అవి రాగికి లొంగని రకం, సీసాలో తగ్గవు. రాగి కలిపిన గ్లాసు వాసన చూడటానికి మాత్రమే, తాగకుండా పారబోయండి.

లేత మాల్ట్‌లో ఎదురయ్యే మిగతా వాసనల్లో ఏది వయసు వల్ల, ఏది పనిలో లోపం వల్ల అన్నది కూడా చెప్పుకోవాలి. బార్లీ గంజి, తడిపిన పిండి, పచ్చి ఆపిల్, బేరిపండు చాక్లెట్ లాంటివి లేతతనం గుర్తులు. పొగతో కలిస్తే హాయిగానే ఉంటాయి, వీటికి మార్కులు తగ్గించనవసరం లేదు. నెయిల్ పాలిష్ ఘాటుగా ఉంటే మొదటి భాగాన్ని సరిగా తీసేయలేదని అనుమానించవచ్చు. చంటిపిల్లలు పాలు కక్కిన వాసన, పులిసిన చెమట వాసన వస్తే అది బ్యుటిరిక్, ఐసోవాలెరిక్ ఆమ్లాల జాడ. పులియబెట్టేటప్పుడు బ్యాక్టీరియా దారి తప్పడం వల్లనో, చివరి భాగాన్ని ఆలస్యంగా ఆపడం వల్లనో వస్తుంది. పీటెడ్ మాల్ట్‌లో కొద్దిగా ఉంటే పొలం, పశువుల కొట్టం వాసనలా లోతు ఇస్తుంది. నీళ్ళు కలిపాక అదే పైకి వచ్చి మిగతావాటిని కప్పేస్తే లోపమే, మొహమాటపడకుండా అలాగే రాసుకోండి.

లేతగా ఉండటం వేరు, పండకుండా సీసాకెక్కడం వేరు. కిల్హోమన్ 2005లో పెట్టిన డిస్టిలరీ. 2009లో మూడేళ్ళ వయసు సరుకుతోనే తొలి సింగిల్ మాల్ట్ తెచ్చి మంచి పేరు తెచ్చుకుంది. శుభ్రమైన స్పిరిట్‌ను చురుకైన బోర్బన్ పీపాలో పోస్తే మూడేళ్ళలో తాగదగ్గ పీటెడ్ మాల్ట్ తయారవుతుంది. పొగ లేని మాల్ట్‌తో అంత చిన్న వయసులో అంత నిండుదనం సాధించడం కష్టం. విస్కీ లేతగా ఉన్నప్పుడే పొగ నిండుగా ఉంటుంది, వయసు పెరిగితే తగ్గుతుంది. పదేళ్ళు ఆగితే ఇంకేదో మంచిది వస్తుంది గాని, ఈ రుచి రాదు.

ప్రశ్న: నీళ్ళు ఎన్ని కలపాలి? ఒకరు రెండు చుక్కలంటారు, ఒకరు అసలు వద్దంటారు. వేసవిలో ఐస్ వేయకుండా తాగలేకపోతున్నాను. — ఒక పాఠకుడు, విజయవాడ

లెక్క ప్రకారం కలపండి. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి తెచ్చుకుంటే చుక్కల గొడవ ఉండదు. 25 మి.లీ. విస్కీ 50 శాతంది అయితే 2.2 మి.లీ. నీళ్ళకు 46 శాతానికి, మొత్తం 6.25 మి.లీ. కలిపితే 40 శాతానికి దిగుతుంది. 60 శాతం సీసా అయితే 25 మి.లీ.కి 5 మి.లీ. కలిపితే 50 శాతం, 7.6 మి.లీ. కలిపితే 46 శాతం. మొదట నీళ్ళు లేకుండా, తరువాత 46 దగ్గర, ఆఖరికి 40 దగ్గర చూడండి. ప్రతిసారీ నీళ్ళు పోశాక రెండు నిమిషాలు ఆగండి.

నీళ్ళు కలిపితే పొగ ఎందుకు విచ్చుకుంటుందో స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్ అణువులు ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్న మిశ్రమంలో ద్రవం పైభాగానికి చేరుకుంటాయి. 59 శాతం దాటితే ఆల్కహాల్ వాటిని చుట్టుముట్టి లోపలికి లాగేస్తుంది. పీపా బలంతో, అంటే పీపాలోంచి తీశాక నీళ్ళు కలపకుండా, సీసాకెత్తిన లేత పీటెడ్ మాల్ట్ నీళ్ళు లేకుండా మూసుకుపోయినట్టుండి, 46 దగ్గర ఒక్కసారిగా తెరుచుకోవడానికి ఇది సరిపోయే వివరణే.

బ్లెండర్లు, అంటే రకరకాల పీపాల విస్కీలను కలిపే నిపుణులు, వాసన చూసేటప్పుడు 20 శాతం దాకా పలుచన చేస్తారు. 50 శాతం విస్కీకి ఒకటిన్నర రెట్లు నీళ్ళు పోస్తే అక్కడికి వస్తుంది, అంటే 10 మి.లీ.కి 15 మి.లీ. తాగడానికి అది బాగుండదు. లోపాలు పట్టడానికి మాత్రం అంతకు మించిన పద్ధతి లేదు. దాగి ఉన్న పాలు కక్కిన వాసన, తడి అట్ట వాసన అక్కడ బయటపడతాయి.

నీళ్ళలో క్లోరిన్ వాసన ఉండకూడదు. కుళాయి నీళ్ళ క్లోరిన్, పీట్ మందుల వాసన కలిస్తే ఏది ఏదో తెలియదు. ఇంట్లో ఆర్‌ఓ నీళ్ళు బాగానే పనిచేస్తాయి. సోడా వద్దు, బుడగలతో పాటు వచ్చే పులుపు రుచిని మార్చేస్తుంది.

ఐస్ విషయానికొస్తే, తాగడం మీ ఇష్టం, కాని రుచి చూడటానికి పనికిరాదు. చల్లబడితే పండ్లు, వెనిలా వాసనలు అణిగిపోయి చేదు, బూడిద మాత్రమే మిగులుతాయి. మే నెల విజయవాడలో గది 35 డిగ్రీలు దాటినప్పుడు అసలు ఇబ్బంది వేడితోనే. ఆ వేడికి ఆల్కహాల్ గ్లాసులోంచి ఎగసి ముక్కును మండిస్తుంది. పోసిన గ్లాసును చన్నీళ్ళ గిన్నెలో అయిదు నిమిషాలు నిలబెట్టండి, లేదా ఏసీ గదిలో సీసాను ముందే రెండు గంటలు ఉంచండి. 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చాలు.

ప్రశ్న: ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా మారింది. కల్తీయా? — ఒక పాఠకుడు, నెల్లూరు

కాదు. చల్లబరిచి వడకట్టని విస్కీ అది. కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు చలికి ముద్దకట్టి మబ్బు తెప్పిస్తాయి. గది వేడికి వచ్చాక తేటపడుతుంది. 46 శాతం, అంతకు పైన సీసాకెత్తితే మామూలు వేడిలో ఆ మబ్బు రాదు, అందుకే చాలా కొత్త డిస్టిలరీలు 46ను ఎంచుకుంటాయి. నోటికి జిడ్డుగా, నిండుగా అనిపించేది ఆ ఎస్టర్ల వల్లే కాబట్టి వడకట్టనిదే మాకు ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: మూడేళ్ళకే అమ్మేయడం న్యాయమా? మన దేశపు సింగిల్ మాల్ట్‌లు కూడా అయిదారేళ్ళవే అంటారు, అవి ఇంత లేతగా అనిపించవే? — ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

స్కాట్లాండ్ చట్టం ప్రకారం స్పిరిట్ 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి, సీసాలో కనీసం 40 శాతం బలం ఉండాలి. అంతవరకు దాన్ని స్కాచ్ అనకూడదు. సీసా మీద వయసు వేస్తే, అందులో కలిసిన వాటన్నింటిలో చిన్నదాని వయసే వేయాలి. కొత్తవాళ్ళకు స్టిల్స్, గోదాములు, బార్లీ అన్నింటికీ ముందే డబ్బు పోతుంది, మూడేళ్ళపాటు అమ్మడానికి విస్కీ ఉండదు. చట్టం ఒప్పుకున్న రోజున కొంత అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. వయసు దాచకుండా, పీపాల వివరం సీసా మీద రాస్తే చాలు. వివరం లేకుండా కథలు మాత్రమే రాసే సీసా దగ్గర జాగ్రత్తగా ఉండండి.

వేడి దేశాల లెక్క వేరు. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అమృత్ గోదాముల్లో అది 10 శాతం దాటుతుంది. ఆ వేడికి స్పిరిట్ చెక్కలోకి వేగంగా చొచ్చుకుపోయి రంగు, తీపి, వగరు త్వరగా తెచ్చుకుంటుంది. గోవాలోని పాల్ జాన్ బోల్డ్‌నో, అమృత్ పీటెడ్‌నో ఐలా లేత మాల్ట్ పక్కన పెట్టి చూడండి. మన వాటిలో పీపా గొంతు పెద్దది: తేనె, మసాలా, చెక్క. ఐలా వాటిలో స్పిరిట్ గొంతు పెద్దది: బార్లీ, నిమ్మ, ఉప్పు. లోపాలు కూడా అలాగే విడిపోతాయి. అక్కడిది పచ్చిగా ఉండిపోతుంది, ఇక్కడిది చెక్క వగరుతో నాలుక ఎండిపోయేలా చేస్తుంది. అక్కడి అయిదేళ్ళను, ఇక్కడి అయిదేళ్ళను ఒకే కొలతతో చూడవద్దు.

చల్లటి చోట ఆ వేగం తేవడానికి కొందరు చిన్న పీపాలు వాడతారు, కొందరు ఎస్‌టీఆర్ పీపాలు వాడతారు. వైన్ పీపా లోపలి పొరను చెక్కి, సెగ చూపించి, మళ్ళీ కాల్చి తయారుచేసే రకం అది. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది 2017లో చనిపోయిన నిపుణుడు డాక్టర్ జిమ్ స్వాన్. ఆ పీపా లేత స్పిరిట్‌కు ఎర్రటి పండ్ల తీపి, కారమెల్ త్వరగా పూస్తుంది. ఎక్కువైతే పొగకూ తీపికీ పొంతన కుదరక రెండు వేరు వేరు పానీయాలు ఒకే గ్లాసులో పోసినట్టుంటుంది.

ప్రశ్న: అయిదుగురం మిత్రులం కొత్త సీసాను పాతవాటితో పోల్చాలనుకుంటున్నాం. ఎలా ఏర్పాటు చేసుకోవాలి? — కొందరు పాఠకులు, విశాఖపట్నం

మూడు సీసాలు చాలు, నాలుగైతే ముక్కు అలిసిపోతుంది. కొత్తదానికి అటు ఇటు తెలిసినవి పెట్టండి. ఆర్డ్నాహో 50 శాతంది అయితే, కలీలా 12 ఏళ్ళది 43 శాతం, కిల్హోమన్ మకీర్ బే 46 శాతం మంచి జోడీ. మూడూ ఐలావే, వయసూ పీపా తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అందరూ చేసే పొరపాటు వేర్వేరు బలాలను అలాగే పోల్చడం. ఎక్కువ బలం ఉన్నదే ఎప్పుడూ 'నిండుగా' గెలుస్తుంది. అన్నింటినీ 43కి దించండి. 15 మి.లీ. చొప్పున పోసి, ఆర్డ్నాహోకు 2.4 మి.లీ., మకీర్ బేకు 1 మి.లీ. నీళ్ళు కలపండి. కలీలాకు ఏమీ అక్కర్లేదు. పోసేవారు తాగేవారిలో ఉండకూడదు. గ్లాసుల అడుగున అంకెలు రాసి పెట్టాలి. రంగు చూసి ఊహించకుండా లైటు తగ్గించండి. రంగుకు కారమెల్ కలపడం స్కాచ్‌లో చట్టం ఒప్పుకున్నదే కాబట్టి, ముదురు రంగు చూసి వయసు చెప్పలేం.

కాగితం మీద పొగ, స్పిరిట్, పీపా అని మూడు గళ్ళు గీసుకోండి. ఒక్కోదానికి విడిగా రాయండి. అంతా అయ్యేదాకా ఎవరూ పైకి మాట్లాడకూడదు. ఒకరు 'అయొడిన్' అన్నారంటే మిగతా నలుగురికీ అదే వాసన వస్తుంది.

కొత్త సీసాకూ పాతదానికీ నిజంగా తేడా పట్టగలమా అని సందేహం వస్తే, ఒక్కొక్కరికి మూడు గ్లాసులివ్వండి. రెండింటిలో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడుసార్లలో ఒకసారి సరిగ్గా తగులుతుంది. అయిదుగురిలో కనీసం నలుగురు సరిగ్గా చెబితే తేడా ఉన్నట్టే లెక్క, ఊహతో అలా జరిగే అవకాశం 5 శాతం లోపు. ముగ్గురే చెబితే ఇంకోసారి చేయండి.

భోజనానికి ముందు, కడుపు మరీ ఖాళీగా లేనప్పుడు పెట్టుకోండి. ఆవకాయ, మిరపకాయ బజ్జీ తిన్న నాలుకకు గంటపాటు మంట తప్ప ఏదీ తెలియదు. మరమరాలు, ఉప్పు లేని బ్రెడ్డు, గోరువెచ్చని నీళ్ళు పక్కన ఉంచుకోండి. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, మల్లెపూలు, సెంటు వద్దు. ఉమ్మడానికి తలా ఒక ఖాళీ గ్లాసు పెట్టండి, ఉమ్మినా రుచి అంతా తెలుస్తుంది. ఇంటికి ఎవరూ బండి నడుపుకుంటూ వెళ్ళవద్దు.

ప్రశ్న: తెరిచిన సీసా ఎన్నాళ్ళు నిలుస్తుంది? నాది సగం అయ్యేసరికి పొగ తగ్గినట్టుంది. — ఒక పాఠకుడు, వరంగల్

తగ్గుతుంది. సీసాలో గాలి పెరిగేకొద్దీ తేలికైన వాసనలు పోతాయి, లేత పీటెడ్ మాల్ట్‌లో ముందు తెలిసేది పొగ పదును మొద్దుబారడమే. మూడు వంతులు నిండి ఉన్న సీసా ఏడాది బాగానే ఉంటుంది. సగానికి వస్తే ఆరునెలల్లో ముగించండి. పావుకు వస్తే 180 మి.లీ. గాజు సీసాలోకి మెడదాకా నింపి బిగించండి. ఆ సీసాలో ఇంతకుముందు ఏ వాసనా ఉండకూడదు. వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

సీసాను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే బలమైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది, ముక్కలై లోపల పడుతుంది, కారుతుంది కూడా. వంటింటి అలమరా, పడమటి గోడకు ఆనుకున్న అలమరా వద్దు. చీకటిగా, వేడి పెద్దగా మారని చోటు చూడండి. మీ వరంగల్ ఎండలకు ఇంట్లో అన్నింటికన్నా చల్లగా ఉండేది సాధారణంగా కింది అంతస్తులో ఉత్తరం వైపు గది, అక్కడ మంచం కింద అట్టపెట్టెలో పెడితే సరిపోతుంది.